జిలేబీ నాకిన వేళ్లు

పటాన్‌చెరు దగ్గరి మందుల ఫ్యాక్టరీలో నేను కొత్తగా చేరినప్పుడు మా షిఫ్టుకు ఒక మేస్త్రీ ఉండేవాడు. మేము తయారుచేసేది షుగర్ జబ్బు గోళీల్లో వేసే మందు పొడి. అన్నం వేళ కాగానే ఆయన ఆ పొడి చేతులు కడుక్కోకుండానే జిలేబీ పొట్లం విప్పేవాడు. తిన్నాక అయిదు వేళ్లూ, గోళ్ల సందులతో సహా, చప్పుడు చేస్తూ నాకేవాడు.

"డాక్టర్ నీకు షుగర్ ఉన్నదన్నడు గదనే, మీఠా తింటవేందన్నా?" అని ఒకసారి అడిగాను.

"పదేండ్ల సంది గీ మందు నా ముక్కులకు పోతనే ఉన్నది. ఇగ షుగర్ నన్నేం జేస్తది?"

తరవాత ఆయన కాలి బొటనవేలు నల్లబడింది. బూటు విప్పితే మేము అన్నం తినే గదంతా కుళ్లు కంపు. ఆ కంపులోనే కూర్చుని జిలేబీ తినేవాడు. చివరికి ఆసుపత్రిలో ఆ వేలు తీసేశారు.

చూడటానికి వెళ్లాను. కాలి కట్టు చీముతో తడిసి ఉంది. ఆయన నా మొహం చూడలేదు, చేతిలోని పొట్లం చూశాడు.

"జల్దీ ఇయ్యి. ఖరాబైన వేలు కోసేసిన్రు గదా, షుగర్ గూడ దాంతోనే పాయె."

తిని, మళ్లీ అయిదు వేళ్లూ నాకాడు. ఛీ అనుకున్నాను. ఒట్టి చేతులతో పోతే బాగుండదని, ఆ జిలేబీలు కొనుక్కెళ్లింది నేనే.