చైనాకు పోయిన సాంబ్రాణి

ఒమన్‌లోని ఖురంలో ఏ తెలుగువాళ్ల ఇంట శుక్రవారం నలుగురు చేరినా గంగాప్రసాద్ ఉపన్యాసం తప్పదు. ఈమధ్య ఆయనకో చైనా నవల దొరికింది. పింగాణీ నింపుకున్న ఓడలో ఒమన్ తీరానికొచ్చి, సాంబ్రాణితో తిరిగివెళ్లే నావికుడి కథ అది. చదివిన పేజీకి గుర్తుగా పెట్టుకున్న పిజ్జా కూపను మొదటి అధ్యాయం దాటలేదని భార్య సింధూజకు తెలుసు. ఆయన మాత్రం కళ్లజోడు నుదుటికెక్కించి, రెండు చేతులా గాలిలో తెరచాప ఎత్తుతూ "సాంస్కృతిక వినిమయం" అంటాడు. ఆ మాట దగ్గర బొజ్జ కూడా కాస్త ముందుకొస్తుంది.

ఆ శుక్రవారం వాళ్లు స్నేహితురాలు నవీన ఇంటికి బయల్దేరేముందు కింది ఫ్లాటు చైనా ఆవిడ పింగాణీ గిన్నెలో వేడి వేడి కుడుములు ఇచ్చి వెళ్లింది. ఆవిడ మెట్లు దిగగానే ఆయన ముక్కు మూసుకుని, "అండ్ల ఏం కలిపిండ్రో ఏమో, వాపస్ ఇచ్చి రా" అన్నాడు. సింధూజ ఇవ్వలేదు, వంటింట్లో నిలబడి అన్నీ తినేసింది. గంట తిరిగేసరికి ఆయన నవీన వాళ్లింట్లో, పరాయివాళ్ల గిన్నెలో తిన్న నావికుణ్ణి తలచుకుని గొంతు వణికిస్తున్నాడు. నవీన కళ్లొత్తుకుని, "గంత సాంబ్రాణి చైనాకే పోయిందా అక్కా?" అని సింధూజను అడిగింది.

భర్తకు మంచినీళ్ల గ్లాసు అందిస్తూ సింధూజ అంది: "పోయినదాని ముచ్చట నాకెరుక లేదు గానీ, ఒకటి మాత్రం మా ఇంట్లనే ఉండిపోయింది."