ఫోనులో పెట్టిన డీలర్ల మీటింగ్

నేను చదివింది ఎనిమిదో తరగతి దాకే. తర్వాత బడికీ నాకూ కుదరలేదు. తప్పు బడిదేనని ఇప్పటికీ నా వాదన. నోరు మాత్రం అన్నం పెట్టింది. వరంగల్‌లో విత్తనాల కంపెనీలు డీలర్లను పిలిచి మీటింగ్ పెడితే, ఉపన్యాసాల మధ్య జనం కునుకు తీయకుండా నవ్వించడం నా పని.

ఆ మీటింగులకు ఒక ఆనవాయితీ ఉంది. ముందు వరుసలో నర్సంపేట పెద్ద డీలర్ కూర్చుంటాడు. అందరికీ ఆయన కాకా. స్టేజి ఎక్కగానే నేను మొదట ఆయన మీదే పడాలి.

"కాకా, నీ విత్తనాలు చేన్ల మొలుస్తలేవట గని, నీ చెవులల్ల వెంట్రుకలు మస్తు మొలుస్తానయట!"

"నీ బుర్రల సదువు మొలిచిందా బిడ్డా, నన్ను అడగనీకి వచ్చినవ్?"

హాలు ఊగిపోయేది. ఒక ఏడాది ఆయన్ను మరిచిపోతే, అలిగి బిర్యానీ ముట్టకుండా వెళ్లిపోయాడు.

కరోనా వచ్చి ఫంక్షన్ హాళ్లకు తాళాలు పడ్డాయి. కంపెనీవాళ్లు మీటింగును ఫోనులో, వీడియో కాల్‌గా పెట్టారు. వెనక గోడకు దుప్పటి కట్టి, పైన ఇస్త్రీ చొక్కా, కింద లుంగీతో కూర్చున్నాను. తెరనిండా చిన్న చిన్న డబ్బాలు, డబ్బాకో డీలరు. ఒకదాంట్లో బట్టతల, ఒకదాంట్లో సగం చెవి. అందరి మైకులూ మూసేశారు. మొదటి జోకు వేశాను. చప్పుడు లేదు. రెండోది వేశాను. వంటింట్లో కుక్కర్ విజిల్ వేసింది. ఆ రోజు నాకు దక్కిన మెప్పు అదే. హాల్లోనైతే జోకు చచ్చినా తెలుస్తుంది. ఎవరో తుమ్ముతారు, కుర్చీ కిర్రుమంటుంది. ఇక్కడ బతికిందో చచ్చిందో కూడా తెలియదు. బావిలో రాయి వేస్తే నీళ్ల చప్పుడే రానట్టు.

భయమేసి ఆనవాయితీని పట్టుకున్నాను. కాకా డబ్బాలో కాకా లేడు. సీలింగ్ ఫ్యాను తిరుగుతోంది.

"ఏం కాకా, మీటింగుకు ఫ్యాన్‌ను తోలి నువ్వు పండుకున్నవా? జర లేవే!"

ఆ డబ్బాలో మైకు తెరుచుకుంది. మాట్లాడింది ఆయన కూతురు.

"అన్నా, బాపు దవాఖానల ఉన్నడు. ఆక్సిజన్ పెట్టిన్రు. నీ మాటలు వింటనంటే ఫోన్ ఆయన పక్కన పెట్టిన."

అంతలో ఫ్యాను పక్కకు జరిగి ఆక్సిజన్ మాస్కు కనిపించింది. మాస్కు వెనక ఆయన నవ్వుతున్నాడు. నవ్వు దగ్గయింది. దగ్గు ఆగలేదు. నర్సు అరుపు వినిపించింది. డబ్బా నల్లబడింది.

"కానియ్యి, టైమైతాంది" అన్నాడు కంపెనీ సారు.

హాల్లోనైతే నేను స్టేజి మీంచి దూకేసరికే ఆయన చుట్టూ జనం మూగి ఉండేవారు. ఇక్కడ బట్టతల కదలలేదు, చెవి కదలలేదు. నేనే మీటింగులోంచి బయటపడ్డాను.

చంపేశాననే అనుకున్నాను. నా జోకులకు అంత బలముందని ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. ఆ అమ్మాయికి ఫోన్ చేస్తూనే ఉన్నాను. సాయంత్రానికి ఎత్తింది.

"దగ్గు తగ్గిందన్నా. డాక్టర్ నన్ను తిట్టిండు. బాపు నిన్ను తిడుతాండు."

"నన్నా? ఎందుకు?"

"నడుమల లేచి ఎందుకు పోయినవని. ఫోన్ ఆయన చెవికాడ పెడుతున్న, మాట్లాడు."

"నవ్వితే మళ్ల దగ్గొస్తది గద చెల్లె!"

"అందుకే నవ్వియ్యకు. ఉత్తగ మాట్లాడు."

ఉత్తగా మాట్లాడటం నాకు ఎవరు నేర్పారు? పొద్దున పప్పు తిన్నానన్నాను. వాన పడిందన్నాను. కాజీపేట వైపు రైళ్ల కూతలు లేక నిద్ర పట్టడం లేదన్నాను. ఒక్క మాట వంకర పోకుండా, పోలీస్ స్టేషన్‌లో వాంగ్మూలం ఇచ్చినట్టు చెప్పుకుంటూ పోయాను.

"అన్నా, ఆగు ఆగు! బాపు నవ్వుతాండు!"

ఫోన్ చెవికి అదుముకుని దగ్గు కోసం విన్నాను. రాలేదు. ఇంకా విన్నాను. రాలేదు. అప్పుడు, రాత్రికి కూడా పప్పేనని చెప్పాను.