డాలస్‌ను నమ్మని కింది ఫ్లాట్ అంకుల్

మా కింది ఫ్లాట్ అంకుల్ పోయారని మంగళవారం పొద్దున వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. ఇంగ్లండ్‌లో, ఈ బర్మింగ్‌హామ్‌లోనే ముప్పై ఏళ్ళు సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి. ఏదీ ఒక పట్టాన నమ్మేవారు కాదు. పాల సీసా మీద తేదీ చదివాక, మూత తీసి వాసన కూడా చూసేవారు. "అచ్చేసినంత మాత్రాన నిజమైపోద్దా?" అనేవారు.

2011లో నేనిక్కడ సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. డాలస్‌లో ఉద్యోగమంటూ ఒక కన్సల్టెన్సీ నుంచి ఫోన్ వచ్చింది. వీసా వాళ్ళే చూసుకుంటారట. వారంలోగా నేను రాజీనామా చేసి, డిగ్రీ ఒరిజినల్ సర్టిఫికెట్లు పంపాలి. సంబరంగా చెబితే అంకుల్ మొహం చిట్లించారు.

"డాలస్ అంటే ఏ డాలస్?"

మర్నాడు లైబ్రరీలో ప్రింట్ తీయించిన మ్యాపులు మా బల్ల మీద పరిచారు. అమెరికా మొహమే చూడని మనిషి!

"ఇదంతా ఒక్క ఊరు కాదమ్మాయ్. తూర్పున డాలస్, పడమర ఫోర్ట్‌వర్త్. మధ్యలో ముప్పై మైళ్ళు. ఉత్తరాన ప్లేనో, ఫ్రిస్కో. మనోళ్ళు ఎక్కువ అటేనంట. ఏ ఊరి కౌన్సిల్ ఆ ఊరిదే. నిన్నెక్కడ దింపుతానన్నాడు?"

"ఆర్లింగ్టన్‌లో గెస్ట్‌హౌస్ అంకుల్. ఆఫీసు డాలస్ నడిబొడ్డున. ఇంటి ముందే సిటీ బస్సంట, ఇరవై నిమిషాలంట."

ఆయన మ్యాపులో ఆర్లింగ్టన్ మీద వేలు పెట్టి, తల అడ్డంగా ఊపారు. అది చూసి నాకు ఆయన మీదే అనుమానం వచ్చింది. వాళ్ళమ్మాయి ఉండేది వేరే ఊళ్ళో; మోకాళ్ళ నొప్పికి ఆయన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేది నేనే.

"నేను వెళ్ళిపోతే మీకెవరూ ఉండరనేనా ఈ పుల్లలన్నీ?" అనేశాను.

అంకుల్ మ్యాపులు మడిచారు. "ఆ బస్సు నంబరెంతో అడుగు" అని వెళ్ళిపోయారు.

కోపంతోనే అడిగాను. అవతలి మనిషి తడుముకోకుండా "నలభై రెండు" అన్నాడు. ఫోన్ పెట్టేసి ఇంటర్నెట్‌లో వెతికాను. అంత పెద్ద ఆర్లింగ్టన్‌లో అప్పటికి అసలు సిటీ బస్సులే లేవు. మళ్ళీ ఫోన్ చేసి ఆ మాటంటే లైను కట్ చేశాడు. ఆ తర్వాత ఆ నంబరే పలకలేదు. నా రాజీనామా కాగితం ఇంకా బ్యాగులోనే ఉంది.

కిందికి వెళ్ళి తలుపు కొట్టి, ఆ ఊళ్ళో బస్సే లేదని చెప్పి, క్షమించమన్నాను.

"నువ్వెళ్తే నాకు కష్టమేనమ్మాయ్. అదీ నిజమే, బస్సు లేదన్నదీ నిజమే," అని టీకి నీళ్ళు పెట్టారు.

పోయిన నెల ఆస్పత్రిలో, నర్సు ఇచ్చిన ప్రతి మాత్రనూ ఎవరు రాశారని అడిగారు. ఆమె వెళ్ళాక నా వైపు తిరిగారు.

"మా అమ్మాయి నీకేం చెప్పింది?"

ఏదో ధైర్యం చెబుదామనుకున్నాను. ఆ కళ్ళ ముందు అబద్ధం నిలవదు.

"బాగా లేదంది అంకుల్."

"హమ్మయ్య. తగ్గిపోద్ది, తగ్గిపోద్ది అని చంపేస్తన్నారు అందరూ," అన్నారు. నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

బయటికి వచ్చి, ఎదురుగా ఉన్న బస్‌స్టాపులో నిలబడి పైకి చూశాను. మూడో అంతస్తులో, నీలం డ్రెస్సింగ్ గౌనులో, అంకుల్ గాజుకు నుదురు ఆనించి నిలబడి ఉన్నారు. చెయ్యి ఊపాను. ఆయన నన్ను చూడటం లేదు. రోడ్డు మలుపు వైపు చూస్తున్నారు, నా బస్సు నిజంగా వస్తోందో లేదో అని.