జుగ్గీలవాళ్లు తినని పులిహోర

గంగాళం నిండా అన్నం ఉండగా వందమందిని పస్తు పెట్టబోయిన ఘనుణ్ణి నేను. ఎలాగో చెబుతాను. మీరు నవ్వుకోండి. నాకు మాత్రం తలచుకుంటే ఇప్పటికీ నీరసమే.

రెండువేల దశకం తొలి ఏళ్లలో, దేశ రాజధానిలో, మా ఆర్.కె. పురం క్వార్టర్స్‌లోని తెలుగువాళ్లం ప్రతి ఆదివారం మధ్యాహ్నం పక్కనున్న జుగ్గీలవాళ్లకి, అంటే గుడిసెల్లో ఉండే కూలీలకి, అన్నం, పప్పు పెట్టేవాళ్లం. ఒక జూన్‌లో ఎండకి పప్పు పాడైంది. అంతే, నేను లైబ్రరీకి పరిగెత్తాను. పదో తరగతితో బడి ఆపినా, లైబ్రరీ కార్డుతో పండితుణ్ణయ్యానని నా నమ్మకం. చింతపండు పులుపుకి అన్నం త్వరగా పాడవదని ఒక పుస్తకంలో దొరికింది.

"ఈ వారం పులిహోర చేద్దాం ఆంటీ," అన్నాను, వంట చూసే లక్ష్మి ఆంటీతో.

"వాళ్లు బీహారు వాళ్లు బాబూ. తింటారో లేదో అడిగావా?"

"అడగడమెందుకు, పుస్తకంలో ఉంది."

"తినేది పుస్తకమా?" అని నిట్టూర్చి, ఆవిడ చింతపండు నానబెట్టింది.

తెల్లవారుజామునే లేచి కలిపాం. నా చేతులు ఊడి గంగాళంలో పడతాయేమో అనిపించింది. మధ్యాహ్నం వరసలో ముందు కమలా దీదీ, ఆమె ఇద్దరు పిల్లలు. ఆమె ఇటుకలు మోసే మనిషి. మేం పెడతామన్న ధీమాతో ఆదివారం పొయ్యి వెలిగించదు. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, పిల్లల చేతుల్లోంచి పళ్లేలు లాగేసుకుంది.

"భయ్యా, అన్నం బాసీ హై. పులిసిపోయింది."

"పొద్దున్నే వండాం దీదీ."

"పోయినవారం పప్పూ పొద్దున్నే వండారు."

నేను ఆమ్లాల మీద హిందీలో ఉపన్యాసం ఎత్తుకున్నాను. అది ముగిసేసరికి ఎదురుగా ఒక మేక మిగిలింది. అదీ వాసన చూసి వెళ్లిపోయింది. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నేను చదివితే ఊరివాళ్ల భోజనం పోయింది. దీదీ చిన్నకూతురు ఆకలికి ఏడుపు లంకించుకుంది.

"ఇప్పుడేం చేద్దాం పండితుడా?" అంది ఆంటీ.

ఆ పేజీ నేను చదవలేదు.

చివరికి దీదీయే అడిగింది. "పచ్చి బియ్యం, పప్పు ఉన్నాయా ఆంటీజీ? మేమే వండుకుంటాం."

వచ్చేవారానికి కొన్నవి మేం అన్నం తెచ్చిన వ్యాన్‌లోనే ఉన్నాయి. ఆడవాళ్లు ఇటుకలతో పొయ్యిలు పేర్చారు. గంటలో కిచిడీ అయింది. పిల్లలు తిన్నాక, గోడకి చేరగిలపడ్డ నా ముందు దీదీ ఒక పళ్లెం పెట్టింది.

"తిను భయ్యా. భయపడకు, ఇది తాజాదే."

పులిహోర మాత్రం మంగళవారం దాకా పాడవలేదు. మూడు పూటలా తిన్నవాణ్ణి నేనే కనక ఖాయంగా చెప్పగలను. బుధవారం ఉదయం స్నానం చేసి, తూర్పుకి తిరిగి ప్రమాణం చేశాను: తినేవాళ్లని అడక్కుండా ఈ జన్మలో గరిటె ముట్టను.