పక్క నంబరు

ఢిల్లీ శివార్లలోని మా ఇందిరాపురం అపార్టుమెంట్ల కింద నిన్న ఒకాయన కూలరుకు కొత్త గడ్డి మారుస్తున్నాడు. నీళ్లు పోయగానే ఆ తడిగడ్డి వాసన మెట్ల దాకా వచ్చింది. ఇప్పుడు అందరిళ్లలో ఏసీలే కాబట్టి ఆ వాసన నాకు తగిలి చాలా ఏళ్లయింది. కూరగాయల సంచి చేత్తో పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. నోయిడాలో నా మొదటి ఆఫీసు నిండా వేసవంతా ఇదే వాసన. ఏసీ సర్వరు గదికి మాత్రమే ఉండేది, మనుషులకు కూలర్లే దిక్కు. ఆ కూలరు గాలి సూటిగా తగిలే కుర్చీలో ఈశ్వరమ్మక్క కూర్చునేది, కాగితాలు ఎగిరిపోకుండా తన టిఫిను డబ్బా వాటి మీద పెట్టి.

ఆమెది ప్రొద్దుటూరు. భర్త కేంద్ర ప్రభుత్వంలో గుమాస్తా, కాపురం ఢిల్లీ ఆర్.కె. పురం క్వార్టర్లలో. పిల్లలు బడికి పోవడం మొదలుపెట్టాక సాయంత్రం క్లాసులకు వెళ్లి కంప్యూటరు నేర్చుకుందట. నేను చేరేనాటికి ఆమెకు నలభై దాటాయి. మేము రాసిన పేజీలన్నిటినీ పరీక్షించి చూడడం ఆమె పని. నోయిడాకు ఇంకా మెట్రో రాని రోజులు. రెండు బస్సులు మారి, అందరికంటే ముందే వచ్చేది. ఇంజనీరింగు చదివొచ్చిన కుర్రాళ్లు ఆమె ఇంగ్లీషు విని నవ్వుకునేవాళ్లు. నిజం చెప్పాలంటే మొదటి వారం నేనూ నవ్వాను. అప్పట్లో నాకు ఎమ్‌సీఏ పొగరు బాగానే ఉండేది. కరీంనగర్ నుంచి ఢిల్లీ దాకా ఒంటరిగా వచ్చానన్న గర్వం దానికి తోడు. ఆ గర్వం కింద ఒక భయం కూడా ఉండేది. ఆరు నెలల ప్రొబేషన్‌లో ఉద్యోగం ఖాయం కాకపోతే తిరిగి వచ్చెయ్యాలని మా నాన్న షరతు పెట్టి పంపాడు.

నాకు అప్పగించిన మొదటి పెద్ద పని ఆడపిల్లల హాస్టళ్ల వెబ్‌సైటు. ఢిల్లీలో నాలుగైదు చోట్ల హాస్టళ్లు నడిపే ఒక పంజాబీ ఆవిడది. అమ్మాయి ఫారం నింపి బటన్ నొక్కితే, నా పేజీ వివరాలన్నీ సర్వర్లో దాచి, ఆమెను ఇంకో పేజీకి పంపాలి. ఆ రెండో పేజీ 'మీకు ఫలానా గది ఖాయమైంది' అని చూపించాలి. ఇక్కడే ఒక చిక్కుంది. ఒక పేజీలో జరిగింది ఇంకో పేజీకి తెలియదు. దారి మళ్లించేటప్పుడు మనమే ఏదో ఒకటి చేతికిచ్చి పంపాలి. నేను బుకింగు నంబరును రెండో పేజీ అడ్రసు చివర తగిలించి పంపాను. ఆ పేజీ నంబరు చదువుకుని అమ్మాయి పేరు, ఫోను, గది, అన్నీ చూపించేది. ఒక్క లైనులో తేలిపోయిందని మురిసిపోయి ఈశ్వరమ్మక్కను పిలిచాను.

ఆమె ఫారం నింపింది, బటన్ నొక్కింది. అడ్రసు చివర నలభై ఒకటి అని వచ్చింది. ఆ ఒకటి చెరిపేసి, సున్నా కొట్టి, ఎంటర్ నొక్కింది. తెర మీద ఇంకెవరో అమ్మాయి వచ్చింది. హాస్టలు వాళ్లు తమ రిజిస్టరు మొత్తం మాకు ముందే ఇచ్చేశారు. దాన్ని నేనే ఎక్కించాను కాబట్టి అవన్నీ నిజమైన పేర్లే, నిజమైన ఫోను నంబర్లే.

"ఈ పాప ఎవురో నాకు తెల్దు. యా గదిలో పండుకుంటాదో మాత్రం తెలిసిపాయ," అంది.

"గట్ల నంబరు మార్చి ఎవలు చూస్తరక్కా? గంత తీరిక ఎవలకుంటది?" అన్నాను.

"నేను చూసినా కదమ్మే. నాకేం తీరికుండాదా?"

మాట పడ్డానన్న ఉక్రోషంతో మధ్యాహ్నానికల్లా నంబరును అర్థంకాని అక్షరాల్లోకి మార్చి మళ్లీ చూపించాను. ఆమె వాటిని ఒక కాగితం మీద రాసుకుంది, వాటిని విప్పిచెప్పే ఇంకేదో సైట్లో కొట్టి చూసింది, రెండు నిమిషాల్లో ముప్పై తొమ్మిదో అమ్మాయి తెర మీదికి వచ్చింది. "తాళంచెవి గుడ్డలో చుట్టి ఇచ్చినావు. గుడ్డ విప్పుకోవడం ఎంతసేపు?" అని నవ్వింది. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని, ఓపికగా చెప్పింది. నంబరు సర్వర్లోనే ఉంచాలి. వచ్చిన మనిషికి ఒక గుర్తు మాత్రమే ఇవ్వాలి, ఎవరూ ఊహించలేనిది. ప్రతి పేజీ గుమ్మంలోనే 'నువ్వెవరు, ఇది నీదేనా' అని అడగాలి. వాళ్లది కాకపోతే ఏమీ చూపించకూడదు. ఆ అక్షరాలు ఎలాగూ పనికిరావని తీసేసి, ప్రస్తుతానికి పాత నంబరే పెట్టాను. అన్ని పేజీలూ అలా సరిచేయడానికి రెండు రోజులు పడుతుందని లెక్క తేలింది. మాకున్నది ఒక పూట. మర్నాడు పొద్దున హాస్టళ్ల ఆవిడ వచ్చి చూస్తుంది, సాయంత్రానికి సైటు అందరికీ తెరుస్తారు.

మా మేనేజరు భాటియా చెడ్డవాడేం కాదు, తొందర మనిషి. "అరే ఈశ్వరీ జీ, అడ్రస్ బార్ కౌన్ దేఖ్తా హై?" అని, అడ్రసు వంక ఎవరు చూస్తారన్నట్టు కొట్టిపారేస్తూ అప్పగింత కాగితం తెచ్చాడు. మా ఆఫీసులో ఏ పని పోవాలన్నా దాని మీద రెండు సంతకాలుండాలి, రాసినవాళ్లది, పరీక్షించినవాళ్లది. ఈశ్వరమ్మక్క ఆ కాగితాన్ని వేలితో వెనక్కి నెట్టి, "నహీ కరూంగీ," అంది, చెయ్యనని. ఆ రెండు మాటలే. గొంతు కూడా పెంచలేదు. భాటియా మొహం ఎర్రబడింది. ఆమె బదులు తానే సంతకం చేస్తానని, కాగితం నా వైపు తిప్పాడు. నా కన్‌ఫర్మేషన్ లెటరు తన బల్ల మీదే ఉందని, ఈ వారంలోనే ఇవ్వాలనుకుంటున్నానని నెమ్మదిగా చెప్పాడు.

నేను అక్క వైపు చూశాను. వద్దని ఒక్క మాట అంటే బాగుండుననిపించింది. ఆమె అనలేదు. "నా మొగం చూడాకు. చెయ్యి నీది," అంది.

సంతకం పెట్టాను. ఇన్నేళ్లయినా ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది. నేనుండేది కూడా అలాంటి హాస్టల్లోనే. ఎవడో నంబరు సంపాదించి రోజూ ఫోను చేసి వేధిస్తుంటే మా పక్క మంచం పిల్ల సిమ్ము మార్చుకోవాల్సి వచ్చిన నెల అది. అవన్నీ తెలిసే పెట్టాను.

మర్నాడు పొద్దున పంజాబీ ఆవిడ వచ్చింది. అరవై ఏళ్ల మనిషి. కళ్లద్దాలు మెడలో గొలుసుకు వేలాడుతున్నాయి. భాటియా రంగుల గురించి, బొమ్మల గురించి తెగ చెబుతున్నాడు. ఈశ్వరమ్మక్కను ఎవరూ పిలవలేదు. తనే కుర్చీ తెచ్చుకుని ఆవిడ పక్కన వేసుకుంది. ఫారం నింపించింది. అడ్రసు చివరి నంబరు మీద పెన్ను ఆనించి, "మాతాజీ, ఇక్కడ మీకు నచ్చిన నంబరు కొట్టండి," అంది తనకొచ్చిన హిందీలో. ఆవిడ పన్నెండు కొట్టింది. తెర చూసి కళ్లద్దాలు పెట్టుకుని ఇంకోసారి చూసింది. "ఇది మా కరోల్ బాగ్ హాస్టలు పిల్ల. ఐఏఎస్ కోచింగుకు వచ్చింది. వాళ్ల నాన్న ఈ పిల్లను నా చేతుల్లో పెట్టి వెళ్లాడు," అంది.

భాటియా తేరుకుని ఇది పరీక్ష కోసం పెట్టిన కాపీ అన్నాడు. అది పచ్చి అబద్ధం. నా కాళ్లు వణుకుతున్నాయి, అయినా లేచాను. "కాదు మేడం. సాయంత్రం తెరిచేది ఇదే. నేనే రాశాను. తప్పని తెలిసీ నేనే సంతకం పెట్టాను. సరిచేయడానికి రెండు రోజులు కావాలి. అప్పటిదాకా తెరవొద్దు," అన్నాను. నా హిందీ ఎంత తప్పుల తడకగా ఉందో నాకు గుర్తులేదు, ఆవిడకు మాత్రం బాగానే అర్థమైంది. రెండు రోజులు కాదు, వారం తీసుకోమంది. వెళ్లేముందు ఈశ్వరమ్మక్క భుజం మీద చెయ్యి వేసి వెళ్లింది.

కథ అక్కడితో సుఖంగా ముగిసిందనుకుంటే పొరపాటే. నా ప్రొబేషన్ మరో ఆరు నెలలు పొడిగించారు. ఈ సంగతి ఫోనులో చెబితే నాన్న, "మాట ప్రకారం వచ్చెయ్ బిడ్డా," అన్నాడు. "రాను నాయినా," అన్నాను. అంతకుముందు ఆయనకు నేనెప్పుడూ అలా చెప్పలేదు. మూడు వారాలు నాతో మాట్లాడలేదు, తర్వాత ఆయనే ఫోను చేశాడు. ఈశ్వరమ్మక్కను పరీక్షల పని నుంచి తప్పించి డేటా ఎంట్రీలో కూర్చోబెట్టారు. రెండు నెలలు అదీ చేసింది, తలెత్తుకునే చేసింది. తర్వాత వేరే చోట పని దొరకగానే రాజీనామా కాగితం భాటియా బల్ల మీద పెట్టి వచ్చింది.

ఆ రోజు బస్టాపు దాకా ఆమె వెంట నడిచాను. నా సంతకం గురించి క్షమించమని అడుగుదామని నోరు తెరిచి, ఏడ్చేశాను. ఆమె ఓదార్చలేదు.

"భయపడి పెట్టినావు. మళ్ల పొద్దున లేచి నిలబడినప్పుడు భయం ల్యాకుండానే నిలబడినావా?"

"లేదక్కా. కాళ్లు గజగజ వణికినయ్."

"అంతే మ్మే. నాకూ వణుకుతాయి. అది పోయినంక నిలబడదామనుకుంటే ఈ జన్మకు నిలబడేది ల్యా."

బస్సు వచ్చింది, ఎక్కి వెళ్లిపోయింది. కొన్నాళ్లకు ఆమె భర్తకు బదిలీ అయి వేరే ఊరు వెళ్లారని తెలిసింది. మళ్లీ కలవలేదు.

ఇప్పుడు అప్పగింత కాగితాలు నా దగ్గరికే వస్తాయి. పైవాళ్లు తొందరపెడతారు, కిందివాళ్లు విసుక్కుంటారు, నన్ను మొండి మనిషి అంటారని నాకు తెలుసు. అననివ్వండి. ఈ ఇరవై ఏళ్లలో సరిలేని పనిని ఎన్నిసార్లు వెనక్కి నెట్టానో లెక్కలేదు. నెట్టిన ప్రతిసారీ బల్ల కింద నా కాళ్లు వణికాయి. పోయిన శుక్రవారం కూడా వణికాయి. సంతకం పెట్టలేదు.