ఏడు నివేదికల్లో ఒకే వాక్యం

ప్రోతరాపూర్‌లో బస్సు దిగి, వక్కతోటల మధ్య నుంచి కొండెక్కితే అరగంట నడకలో ఒక చెరువు వస్తుంది. కొండల మధ్య కట్ట వేసి నిలిపిన తాగునీటి చెరువు అది. ఏటా ఫిబ్రవరిలో ఆ దారిన పదిహేను మందిని వెంటబెట్టుకుని నడిచే మనిషి సీతాలు. ఆ పదిహేను మందీ పంజాబు, అస్సాం, ఒడిశాలకు చెందిన బడిపంతుళ్లు. ప్రధాన భూభాగంలోని ఒక భాషాకేంద్రంలో తెలుగు నేర్చుకుని, చదువు ముగిసే ముందు పది రోజులు తెలుగువాళ్ల మధ్య గడపడానికి సముద్రం దాటి ఈ ద్వీపానికి వస్తారు. పొద్దున కొండ, చెరువు. మధ్యాహ్నం తెలుగువాళ్ల ఇళ్లు. సాయంత్రం పడవల రేవు.

ఈ యాత్రను నడిపేది గణేశ్వరరావు అనే విశ్రాంత ఉపాధ్యాయుడు. దారి చూపడం, చేపల పులుసు వండడం సీతాలు పనులు. "వాటికన్నా పెద్ద పని ఇంకొకటుంది. నువ్వు మాట్లాడడం ఆపకూడదు," అని ఆయన మొదటి ఏడాదే చెప్పాడు.

సీతాలు ఆపలేదు. ఏ ఆకు పుండుకు కడతారో, చినిగిన వలను ఏ కన్ను దగ్గర నుంచి అల్లుకు రావాలో చెప్పేది. పంతుళ్లు ప్రశ్నల కాగితం చేతబట్టుకుని ఒక్కొక్కటే అడిగేవారు. వాటిలో ఒకటి, మీ భర్త ఏం చేస్తారు?

"యేటకెల్లినాడు బాబూ. ఒచ్చేత్తాడు," అనేది సీతాలు.

ఆమె భర్త నూకన్న సముద్రంలోకి చేపలవేటకు వెళ్లి ఎనిమిదేళ్లు దాటింది. కార్తీకంలో ఒక తెల్లవారుజామున చిన్న మరపడవలో ఒంటరిగా వెళ్లాడు. మూడు రోజులు వెతికారు. మనిషి కాదు కదా, పడవ చెక్క కూడా దొరకలేదు. అతడు రాడని సీతాలుకు తెలియకపోలేదు. రెండో ఏడాదే అతని చొక్కాలను అతని అన్నగారైన పెద్దబ్బాయి కొడుకులకు ఇచ్చేసింది. అయితే ఒడ్డుకు చేరని మనిషి గురించి ఇంటికొచ్చిన అతిథి దగ్గర చావు మాట ఎత్తరు ఆ చేపలవేట వాళ్లు. అది అతిథి పట్ల మర్యాద, పోయినవాడి పట్ల కూడా మర్యాదే.

చట్టానికి ఈ మర్యాద తెలియదు. ఇంటి స్థలం నూకన్న పేరున ఉంది. కిందటి ఏడాదికి ముందటి ఎండాకాలంలో రెవెన్యూవాళ్లు సర్వే జరిపి, పట్టాదారు స్వయంగా రావాలి, లేదా అతని మరణ ధ్రువపత్రం తేవాలి, రెండూ లేకపోతే స్థలం వెనక్కి తీసుకుంటామని నోటీసు అంటించి వెళ్లారు. సముద్రం మింగిన మనిషి స్వయంగా ఎలా వస్తాడో, శవం లేని చావుకు పత్రం ఎవరు రాస్తారో ఆ నోటీసులో లేదు. ఒక్క దారి మాత్రం మిగిలింది. సహజంగా కబురు తెలియవలసిన వాళ్లకే ఏడేళ్లపాటు ఏ కబురూ లేకపోతే, ఆ మనిషి మరణించినట్టు కోర్టు భావించవచ్చు. ఏడేళ్లు నిండేదాకా ఆగి, కిందటి ఆగస్టులో సీతాలు దావా వేసింది. వేయించినది పద్మిని. ఆ ద్వీపంలోనే, ఆస్టినాబాద్‌లో పుట్టి పెరిగిన కుర్ర వకీలు.

సాయం చేయాలన్న తపనతో గణేశ్వరరావు పంతుళ్లు రాసిన ఏడేళ్ల యాత్రా నివేదికలను అట్ట వేయించి పద్మిని చేతిలో పెట్టాడు. సీతాలు ఇంట్లో ఏటా పదిహేను మంది బయటివాళ్లు భోంచేశారు, వారిలో ఒక్కరికీ నూకన్న కనబడలేదు, ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలని ఆయన వాదన. పద్మిని ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది, చదవడం రాదు. ఆయన మాట నమ్మి ఏడింటినీ కోర్టులో దాఖలు చేసింది.

ప్రభుత్వ న్యాయవాది వాటిని అనువాదం చేయించాడు. జనవరి వాయిదాలో లేచి నిలబడి, తొందర లేకుండా ఏడు కాగితాలు తిప్పాడు. వేర్వేరు రాష్ట్రాల వాళ్లు, వేర్వేరు సంవత్సరాల్లో రాసినది ఒకే వాక్యం: 'సీతాలు గారి భర్త వేటకు వెళ్లారు, త్వరలో వస్తారు.'

"భార్యే వస్తాడంటుంటే చనిపోయాడని మనమెలా అనగలం?" అన్నాడాయన.

వచ్చే వాయిదాకు ఆమెనే బోనెక్కించమని జడ్జి చెప్పారు.

కోర్టు వరండాలో బల్ల మీద కూలబడింది పద్మిని. "యే క్యా కర్ దియా ఆంటీ! ఏడేళ్లలో ఒక్కసారైనా వేరే మాట రాలేదా మీకు?"

"ఇంటికొచ్చినోల్లకి కూడెట్టే ముందు సావు కబురు సెప్తామేటమ్మా?"

"ఆ సంగతి జడ్జిగారికి ఎలా తెలుస్తుంది?"

"తెల్దు కదా. మరి అడగాల."

గణేశ్వరరావు గొడుగు పిడి మీద రెండు చేతులూ పెట్టి తల వంచుకున్నాడు. "తప్పు నాదేనమ్మా. ఆ నివేదికలు దిద్దింది నేనే. ఏడుసార్లూ ఆ వాక్యం పక్కన 'చాలా బాగుంది' అని రాశాను."

"అది కూడా అనువాదం చేయించారు సార్," అంది పద్మిని.

నవ్వు రావలసిన చోట ఎవరికీ రాలేదు. సీతాలు కూతురు అమ్ములు గోడకానుకుని అంతా వింటోంది. "అమ్మా, ఇల్లు పోతే ఏటి సేత్తాం? పెదనాన్న వసారాలో పడుకుంటామా?"

పద్మిని లేచి సీతాలు ముందుకొచ్చింది. "ఈ ఏటి బ్యాచ్ వచ్చే నెల దిగుతోంది కదా. వాళ్లు రాసేదీ ప్రభుత్వ వకీలు తెప్పిస్తాడు. ఈసారి మాట మారాలి. ఎవరడిగినా ఒకటే జవాబు. సమ్‌ఝీ ఆంటీ?"

"అచ్ఛా," అంది సీతాలు.

ఫిబ్రవరికి చెరువు బాగా తగ్గిపోయింది. నీటి అంచు చుట్టూ ఎర్రమట్టి మెట్లు మెట్లుగా బయటపడింది. ఆకాశం మబ్బు పట్టి ఉంది, గాలి లేదు. పంతుళ్లు కట్ట మీద వరుసగా కూర్చుని ప్రశ్నల కాగితాలు తీశారు. సీతాలు అన్నం గిన్నె దించి, చెంగుతో మెడ తుడుచుకుంది. బస్సులో వచ్చినంతసేపూ ఇప్పుడు చెప్పాల్సిన రెండు మాటలూ లోపల అనుకుంటూనే ఉంది. లోపల అనుకున్నప్పుడు అవి తేలికగానే ఉన్నాయి.

భర్త గురించిన ప్రశ్న యువరాజ్ వంతుకు వచ్చింది. పంజాబులో పల్లెటూరి బడి పంతులు, ముప్ఫై దాటినవాడు. చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని మరీ అడిగాడు. "సీతాలు దీదీ, మీ భర్త ఏం చేస్తారు?"

సీతాలు చెరువు వైపు చూసింది. అది సముద్రం కాకపోవడం కొంత నయమనిపించింది.

"లేడు బాబూ. సచ్చిపోనాడు."

యువరాజ్ కలం ఆగింది. "మాఫ్ కర్నా దీదీ. నేను... ఈ ప్రశ్న వదిలేస్తాను."

"ఒదలకు. రాయి."

"వద్దు దీదీ."

"రాయమన్నాను కదా! రాయకపోతే నాకు కుదర్దు."

అతడు రాశాడు. రాసినదాన్ని పైకి చదవడం, మిగతావాళ్లు కలిసి పలకడం ఆ యాత్రలో అలవాటు. ఈసారి వద్దని గణేశ్వరరావు చెయ్యి ఎత్తేలోపే యువరాజ్ చదవడం అయిపోయింది. వాళ్లు బుద్ధిమంతులైన విద్యార్థులు. పద్నాలుగు గొంతులు ఒక్కసారిగా, ప్రతి అక్షరాన్నీ ఒత్తి పలికాయి.

"సీతాలు గారి భర్త చనిపోయారు."

పంపుహౌసు కాపలాదారు బయటికొచ్చి చూశాడు. సీతాలు విస్తళ్లు పరిచి వడ్డించడం మొదలుపెట్టింది. ఒకే ఆకులో రెండుసార్లు పులుసు పోసింది. ఆ ఆకు ముందు కూర్చున్న పంతులు వద్దనలేదు. ఆ పూట ఆమె ఏ చేప పేరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

మార్చిలో బోనెక్కి హిందీలో చెప్పింది. హిందీలో చెప్పడం సులువైంది. నూకన్నతో ఆమె ఎన్నడూ హిందీ మాట్లాడలేదు. నాలుగు నిమిషాల్లో అయిపోయింది.

తీర్పు జూన్ వానల్లో వచ్చింది. పద్మిని తడిసిపోయి ఇంటికొచ్చి, ప్లాస్టిక్ కవరులోంచి కాగితం తీసింది. "హో గయా ఆంటీ! స్థలం మీ పేరున రాయించుకోవచ్చు."

అమ్ములు తల్లి భుజం పట్టుకుంది. సీతాలు కాగితం మీద చెయ్యి వేసింది గాని తీసుకోలేదు.

"ఏ రోజు పోనాడని రాసినారు?"

పద్మిని తేదీ ఉన్న వరుస మీద వేలు పెట్టింది. "మనం దావా వేసిన రోజు. కిందటి ఆగస్టు పదకొండు. అంతకుముందు ఫలానా రోజు పోయాడని మన దగ్గర రుజువు లేదు కదా. మనిషి పోయాడని చట్టం ఒప్పుకుంటుంది, ఎప్పుడు పోయాడో దానికి తెలియదు. అందుకని ఆ తేదీ వేస్తారు. అది కాగితం కోసం, అంతే. మీరు మనసులో పెట్టుకోకండి."

"పెద్దబ్బాయి బావ తద్దినానికి రోజు సెప్పమంతన్నాడమ్మా. ఎనిమిదేల్లుగా అడగలేదు, ఇప్పుడడుగుతన్నాడు."

పద్మిని కాగితం మళ్లీ పైనుంచి కింది దాకా చూసింది. ఉన్న తేదీ ఒక్కటే.

సీతాలు కూతురి వైపు తిరిగింది. "ఆ రోజు నాను ఏటి సేసినానే?"

"ఏటీ నేదమ్మా." అమ్ములు గొంతు తగ్గించింది. "పొద్దున్నే బస్సెక్కి కోర్టుకెల్లి, సంతకమెట్టి వచ్చేసినావు."