బొట్టు పెట్టిన సీడీ

మొన్న కొన్న ల్యాప్‌టాప్‌ను నాలుగు వైపులా తిప్పి చూశాను. సీడీ పెట్టే చోటే లేదు. ఇప్పుడవి ఎవరు వాడుతున్నారని అంగడాయన నవ్వాడు. నాకు మాత్రం ఆ రోజంతా స్థిమితం లేదు. ఒకచోట కూర్చోలేకపోవడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. దానికి తోడు పుంగనూరు మేనత్త సీడీ గుర్తొచ్చిందంటే ఇక చెప్పనక్కర్లేదు.

మేనత్త భర్త, మా మామ, భజన పాటలు పాడేవాడు. కుప్పంలో ఒక స్టూడియోకు పోయి, అత్తను ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఎనిమిది పాటలు పాడి సీడీ చేయించుకున్నాడు. ఆఖరి పాట అయ్యాక, మైకు ఆపకముందే అత్తను ఒక మాట అడిగాడు. అదీ అందులో పడిపోయింది. ఆయన పోయాక అత్త ఆ మాట కోసమే రోజూ సీడీ పెట్టించుకునేది. రెండువేల దశకం మొదట్లో, ఒక దసరా తర్వాత ఆఖరి పాట రావడం మానేసింది. ఉన్నది ఆ ఒక్క సీడీనే. కంప్యూటర్లోకి ఎక్కిస్తే ఇక చెడిపోదని, అత్తను సీడీతో సహా మదనపల్లెకు పిలుచుకొచ్చాను.

ఏడు పాటలు చకచకా ఎక్కాయి. ఇంటర్నెట్టు తనంతట తానే వాటికి ఏ దేశం పాటల పేర్లో తగిలించింది. మామ భజనలు ఇంగ్లీషు డాన్సు పాటలైపోయాయి. ఎనిమిదోది మాత్రం సగంలో నిలబడిపోయేది. సీడీ తిప్పే డ్రైవు వేగం తగ్గించాను, సాఫ్ట్‌వేరు మార్చాను, పక్కింటాయన కంప్యూటర్లోంచి డ్రైవు ఊడబెరుక్కొచ్చి బిగించాను. మధ్యమధ్య లేచి కాలుగాలిన పిల్లిలా వరండాలో తిరిగాను. రాదేమోలే అని అత్త కళ్లు తుడుచుకుంది. సీడీని తిరగేసి చూడాలన్న బుద్ధి నాకు సాయంత్రానికి గానీ పుట్టలేదు.

మెరిసే వైపు అంచున గంధం, దాని మీద ఎండిపోయిన కుంకుమ బొట్టు. ఆయుధపూజనాడు కత్తిపీటకూ కుట్టుమిషనుకూ పెట్టినట్టే అత్త దీనికీ పెట్టింది. అద్దంలా మెరిసేదే దాని ముఖమనుకుంది. నాకు నవ్వొచ్చింది. తడిగుడ్డ తెచ్చి తుడవబోతే అత్త నా చెయ్యి పట్టుకుంది.

"ఉండప్పా. నా మొకాన తుడిసేటప్పుడు నన్నెవురూ అడగల్యా. దీన్ని నేనే తుడుస్తా."

నా నవ్వు ఆగిపోయింది. ఆమె కొంగు తడిపి మెల్లగా తుడిచింది. పొద్దుటినుంచీ నిలవని నా కాళ్లు ఆ కాసేపు నిలిచాయి.

పాట పూర్తిగా ఎక్కింది. చివర మామ గొంతు వినిపించింది. "ఏమే, బాగుండాదా?"

"బాగుండాది," అంది అత్త, స్పీకరు వైపు చూసి.

ఆ ఫైలు ఇప్పుడు నా ఫోనులో ఉంది. అత్త లేదు. మామ మాత్రం అడుగుతూనే ఉన్నాడు. కాలం ఆ ప్రశ్నను నా దగ్గర వదిలి, జవాబును అత్తతోపాటు తీసుకుపోయింది.